కాలువ తీయడం లేదని ఇంటి పన్ను ఆపొచ్చా? మున్సిపాలిటీలో ఏ పనికి ఎవర్ని అడగాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఆంధ్రప్రదేశ్‌లో ఒక చిన్న మున్సిపాలిటీ మీది. వీధి కాలువ పొంగి ఇంటి గుమ్మం దాకా వస్తోంది. కౌన్సిలర్ గారిని అడిగితే నిధుల్లేవంటున్నారు. ఆఫీసుకి వెళ్తే వార్డు సచివాలయానికి వెళ్లమన్నారు, సచివాలయంలో పైకి రాశామన్నారు. అసలు మున్సిపాలిటీ చెయ్యాల్సిన పనులేమిటి, ఎవర్ని పట్టుకోవాలి, ఇంటి పన్ను కట్టడం ఆపేస్తే దారికొస్తారా అని అడిగారు.

నేను శానిటరీ ఇన్‌స్పెక్టర్‌గా చేరి, కోస్తా పట్టణాల్లో పనిచేసి, శానిటరీ సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను. కౌన్సిల్ మీటింగుల్లో కాలువల మీద సభ్యులు అడిగితే లేచి నిలబడి జవాబు చెప్పుకున్నవాళ్లలో ఒకణ్ణి.

ముందు సూటి జవాబు. పన్ను ఆపకండి, నష్టపోయేది మీరే. కాలువ తీయడం రోజువారీ పని, దానికి కౌన్సిల్ నిధులు మంజూరు చెయ్యనక్కర్లేదు. కమిషనర్ కింద ఉన్న పారిశుద్ధ్య విభాగం చేసి తీరాలి. కాలువ కొత్తగా కట్టాల్సి వస్తే మాత్రం కౌన్సిల్ ఆమోదం కావాలి, దానికి కౌన్సిలర్‌ని పట్టుకోవాలి. మీ కాలువకి ఈ రెండింట్లో ఏది అవసరమో మీరే ముందు తేల్చుకోవాలి. అది తేలకుండా తిరిగితే ఒకరు ఇంకొకరి దగ్గరికి పంపిస్తూనే ఉంటారు, వాళ్లలో ఎవరూ అబద్ధం చెప్పినట్టూ కాదు.

తేల్చుకోవడం కష్టమేం కాదు. ఈసారి కాలువ తీసిన మర్నాడు వెళ్లి చూడండి. అడుగు కనిపిస్తూ నీళ్లు సన్నగా పారుతుంటే కాలువ బాగానే ఉంది, తీయడంలోనే లోపం. సిల్టు (పూడిక మట్టి) పూర్తిగా ఎత్తేసినా జానెడు నీళ్లు కదలకుండా నిలబడి ఉంటే వాలు లేదని అర్థం. ఒక ఎండుటాకు వేసి చూడండి, ఎటు పోతుందో తెలుస్తుంది. కొన్ని వీధుల్లో అది వెనక్కి వస్తుంది. రోడ్డు మీద రోడ్డు వేసి ఎత్తు పెంచేసి, పాత కాలువని అలాగే వదిలేసిన చోట్ల ఇది మామూలే. అలాంటి కాలువని వారం వారం తీసినా లాభం లేదు. ఇంజనీరింగ్ వాళ్లు లెవెల్స్ తీసి మళ్లీ కట్టాల్సిందే.

మూడో కారణం ఒకటుంది, అది మన ఇళ్ల ముందే ఉంటుంది. బండి లోపలికి ఎక్కించుకోవడానికి కాలువ మీద కాంక్రీటు ర్యాంపు పోసేస్తారు. గేటు వెడల్పునా పోసిన ర్యాంపు కింద కార్మికుడి పార అందదు, వెదురు బద్ద పెట్టి పొడిచినా సగం దాకానే వెళ్తుంది. నేను పనిచేసిన ఒక ఊళ్లో ఒక వీధి మొత్తం సంతకాలు పెట్టి మా మీద కలెక్టరు గారికి ఫిర్యాదు చేసింది. వెళ్లి చూస్తే కాలువ రెండు వైపులా శుభ్రంగానే ఉంది, మధ్యలో మాత్రం నిండి ఉంది. రెండు ర్యాంపులు పగలగొట్టిస్తే వాటి కింద కొబ్బరి డొక్కలు, సిమెంటు సంచులు, ఒక పాత పరుపు బయటపడ్డాయి. సాయంత్రానికి నీళ్లు లాగేశాయి. టెండరూ లేదు, ఎస్టిమేటూ లేదు. ర్యాంపు అవసరమైతే పోత పొయ్యకుండా, ఇద్దరు మనుషులు ఎత్తి పక్కన పెట్టగలిగే పలకలు వేసుకోండి. మీ వీధిలో ఎన్ని ర్యాంపులున్నాయో, వాటి కింద నీరు ఆడుతోందో లేదో ఫిర్యాదు రాయకముందే చూసుకోవడం మంచిది. మరుగుదొడ్డి నీళ్లు నేరుగా కాలువలోకి వదిలే ఇళ్లు ఉంటే అదీ రాయండి. ఆ కాలువలో చేతులు పెట్టి పనిచేసే మనుషులున్నారన్నది మనం మర్చిపోకూడదు.

తీసిన సిల్టు ఒడ్డునే వదిలేసి పోయారని కూడా చాలామంది కోప్పడతారు. తడి సిల్టుని ట్రాక్టరుకి ఎత్తితే దారి పొడుగునా కారుతుంది, అందుకే ఒక రోజు ఆరనిస్తారు. ముసురు పట్టి ఉంటే రెండు రోజులు. మూడో రోజుకీ అక్కడే ఉంటే అది తప్పే, ఒక్క వాన పడితే తిరిగి కాలువలోకే పోతుంది. ఫోటో తీసి పంపండి.

ఇప్పుడు ఎవరి పని ఏమిటన్న సంగతి.

రాజ్యాంగానికి 74వ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాంతో వచ్చిన 12వ షెడ్యూలులో పట్టణ సంస్థలకి అప్పగించదగ్గ 18 అంశాలున్నాయి: తాగునీరు, పారిశుద్ధ్యం, రోడ్లు, వీధి దీపాలు, శ్మశానాలు, పార్కులు, భవన నిర్మాణాల నియంత్రణ, జనన మరణాల నమోదు, కబేళాలు, ఇలా. అయితే అప్పగించాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టం. అగ్నిమాపక సేవలు ఆ జాబితాలో ఉన్నా మన దగ్గర అది రాష్ట్ర శాఖ చేతిలోనే ఉంది. ఆంధ్రలో మున్సిపాలిటీలు నడిచేది 1965 నాటి మున్సిపాలిటీల చట్టం కింద. తెలంగాణ 2019లో తన సొంత చట్టం తెచ్చుకుంది.

మున్సిపాలిటీలో రెండు భాగాలున్నాయి. ఒకటి కౌన్సిల్: వార్డుకొకరు చొప్పున గెలిచిన కౌన్సిలర్లు, వాళ్లలోంచి ఎన్నికైన చైర్‌పర్సన్. బడ్జెట్ ఆమోదించడం, పనులు మంజూరు చెయ్యడం, దుకాణాల అద్దెలూ సంత ఆశీలు వేలాలూ ఖరారు చెయ్యడం వాళ్ల అధికారం. రెండోది కమిషనర్, ఆయన కింది విభాగాలు: ఇంజనీరింగ్, ప్రజారోగ్యం, రెవెన్యూ, టౌన్ ప్లానింగ్. తీర్మానాన్ని అమలు చేసేదీ, సిబ్బంది చేత పని చేయించేదీ కమిషనరే. కౌన్సిలర్‌కి పారిశుద్ధ్య కార్మికుల మేస్త్రీ మీద చట్టపరంగా ఆజ్ఞాపించే అధికారం లేదు. ఫోన్ చేసి చెప్తారు, చాలా ఊళ్లలో ఆ మాటకి విలువ ఉంటుంది కూడా. కానీ కార్మికుణ్ణి ఏ వీధికి పంపాలో నిర్ణయించేది శానిటరీ ఇన్‌స్పెక్టర్.

ఆంధ్రలో 2019 అక్టోబరు 2 నుంచి వార్డు సచివాలయాలు వచ్చాయి. వార్డు కార్యదర్శుల్లో మీకు కావాల్సినవాళ్లు ముగ్గురు. కాలువ, చెత్త అయితే శానిటేషన్ కార్యదర్శి. నీళ్లు, రోడ్డు, దీపం అయితే ఎమెనిటీస్ (సౌకర్యాల) కార్యదర్శి. ఇంటి ప్లాను, ఆక్రమణ అయితే ప్లానింగ్ కార్యదర్శి. అదే గదిలో పింఛన్లు చూసేవాళ్లూ, కరెంటు వాళ్లూ, మహిళా పోలీసూ కూర్చుంటారు కాబట్టి అన్నీ మున్సిపాలిటీ పనులే అన్న భావన జనంలో బలపడింది. నిజానికి కులం, ఆదాయం సర్టిఫికెట్లు తహసీల్దారువి. రేషన్ కార్డు పౌర సరఫరాల శాఖది. కరెంటు స్తంభం, తీగ కరెంటు పంపిణీ సంస్థ డిస్కంవి. ఆ స్తంభానికి వేలాడే వీధి దీపం మాత్రం మున్సిపాలిటీది. ఊరి మధ్య నుంచి పోయే పెద్ద రోడ్డు చాలాసార్లు రాష్ట్ర రోడ్లు భవనాల శాఖ (ఆర్ అండ్ బీ)ది. దాని గుంతల గురించి మున్సిపాలిటీకి ఎన్ని అర్జీలిచ్చినా అవి కాగితాలుగానే ఉండిపోతాయి.

కౌన్సిలర్ నిధుల్లేవన్నారంటే బహుశా ఆయన మనసులో ఉన్నది కొత్త కాలువ. ఆ దారి నిజంగానే పొడవైనది. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) వచ్చి కొలిచి ఎస్టిమేట్ వేస్తారు, అజెండాలో పెడతారు, కౌన్సిల్ ఆమోదిస్తుంది, పైఅధికారి సాంకేతిక మంజూరు ఇస్తారు, టెండరు పిలుస్తారు, కాంట్రాక్టరు అగ్రిమెంటు చేసుకుంటాడు. పని అయ్యాక ఎం-బుక్కులో (కొలతల పుస్తకంలో) కొలతలు రాసి బిల్లు పెడతారు. పాత బిల్లులు రాకపోతే చిన్న పనులకి టెండరు వేసేవాడే ఉండడు. రెండుసార్లు పిలిచినా ఎవరూ రాని కాలువలు నేను చూశాను. కౌన్సిల్ నెలకి కనీసం ఒక్కసారి కూర్చోవాలి. మీ పని అజెండాలోకి ఎక్కిందా, ఎక్కితే ఏ తీర్మానం నంబరు అన్నది కౌన్సిలర్‌ని అడగండి. నంబరు చెప్పారంటే పని కదిలినట్టు. చెప్పలేకపోతే ఇంకా మొదలవ్వనట్టే.

నీళ్ల గురించి మీరు అడగలేదు గానీ, కాలువ పొంగే వీధిలో దాన్ని వదిలెయ్యలేను. కుళాయి పైపులు చాలాచోట్ల కాలువ పక్కనుంచో, కాలువలోంచో వెళ్తాయి. నీళ్లు వదలని వేళల్లో పైపు ఖాళీగా ఉంటుంది. చిల్లు ఉంటే మురుగు లోపలికి పీల్చుకుంటుంది. మర్నాడు కుళాయి తిప్పగానే మొదట వచ్చే రెండు బిందెలు వాసన వేస్తాయి. మీ వీధిలో ఒకటి రెండు ఇళ్లకే అలా వస్తుంటే, మెయిన్ పైపు నుంచి ఇంటికి లాక్కున్న సర్వీసు పైపు తుప్పు పట్టి ఉంటుంది, దాన్ని మార్చుకోవాల్సింది ఇంటివాళ్లు. వీధంతా వస్తుంటే మెయిన్‌లో లీకు, అది ఫిట్టర్ పని, ఆ రోజే చెప్పాలి. మీ ఇంట్లో క్లోరిన్ పరీక్ష చెయ్యమని అడగండి. చిన్న గాజు గొట్టంలో కుళాయి నీళ్లు పట్టి ఆర్థోటొలిడిన్ చుక్కలు వేస్తారు, క్లోరిన్ ఉంటే లేత పసుపు రంగు తిరుగుతుంది, పక్కనున్న రంగుల పట్టీతో పోల్చి చూస్తారు. లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. ట్యాంకు దగ్గర కాదు, లైను చివరి ఇంట్లో ఉండాలి. వీధిలో ఇద్దరికి విరేచనాలు మొదలైతే అర్జీలూ కౌన్సిలరూ అని ఆగకండి, అదే గంటలో కమిషనర్ ఆఫీసుకి ఫోన్ చెయ్యండి. అలాంటి కబురు వస్తే ఏ మున్సిపాలిటీ అయినా పరుగెత్తుకొస్తుంది. రాకపోతే ఏమవుతుందో అక్కడ పనిచేసే ప్రతివాడికీ తెలుసు.

జనన మరణాల నమోదు సంగతి కూడా ఒక్క ముక్క చెప్తాను, అందులో జనం పడే ఇబ్బంది చూడలేం. నమోదు జరిగేది మీరు కాపురముండే ఊళ్లో కాదు, జననమో మరణమో జరిగిన చోట. తండ్రి గుంటూరు ఆసుపత్రిలో పోతే సర్టిఫికెట్ గుంటూరులోనే తీసుకోవాలి. ఇంటి దగ్గర దహనం చేశాం కదా అని సొంతూరి మున్సిపాలిటీ చుట్టూ నెలల తరబడి తిరిగిన కుటుంబాలున్నాయి. గడువు 21 రోజులు. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాల్సి వస్తుంది. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకి బడిలో చేర్చాలన్నా పాస్‌పోర్టు తీసుకోవాలన్నా పుట్టిన తేదీకి ఈ సర్టిఫికెటే ఆధారం.

ఇక పన్ను. మీ కోపం నాకు అర్థమవుతుంది, అయినా ఆపొద్దంటున్నాను. ఎందుకంటే చట్టంలో ఇంటి పన్నుకీ, మీ వీధిలో జరిగే సేవకీ ముడి లేదు. కాలువ తియ్యలేదు కాబట్టి పన్ను కట్టనన్న వాదన చెల్లదు. ఆంధ్రలో మొదటి అర్ధ సంవత్సరం పన్ను జూన్ 30 లోపు, రెండోది డిసెంబరు 31 లోపు కట్టకపోతే నెలకి 2 శాతం వడ్డీ పడుతుంది. తర్వాత నోటీసు, ఆపైన జప్తు వారెంటు దాకా వెళ్లే అధికారం వాళ్లకుంది. అదే ఏడాది మొత్తం పన్ను ఏప్రిల్ 30 లోపు కట్టేస్తే 5 శాతం తగ్గింపు. ఇంకో మాట కూడా ఉంది. అర్జీ పట్టుకుని వెళ్లినప్పుడు మీ అసెస్‌మెంటు నంబరు చూసి బకాయి ఉందని తేలితే అక్కడితో మాట మారిపోతుంది. మీరు అడగడానికి వెళ్లి సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.

పన్ను ఎక్కువ వేశారనుకుంటే అది వేరే విషయం, దానికి వేరే దారి ఉంది. 2021 ఏప్రిల్ నుంచి ఆంధ్రలో అద్దె విలువ బదులు ఆస్తి మూలధన విలువ మీద పన్ను వేస్తున్నారు. నివాసాలకి 0.10 నుంచి 0.50 శాతం మధ్య, అప్పటి పన్ను మీద పెంపు 15 శాతం దాటకుండా. డిమాండు నోటీసులో మీ ఇంటి కొలత, కట్టడం రకం, వాడకం సరిగా ఉన్నాయో లేదో చూడండి. రేకుల షెడ్డుని స్లాబు ఇల్లుగా, ఇంటిని దుకాణంగా రాసిన సందర్భాలు చాలా ఉన్నాయి. తేడా ఉంటే కమిషనర్‌కి రివిజన్ పిటిషన్ పెట్టుకోవచ్చు. ఇంటి పన్నులో గ్రంథాలయ సెస్సు కూడా ఉంటుంది, రూపాయికి 8 పైసలు, అది మున్సిపాలిటీ ఉంచుకునేది కాదు. 2021లో మొదలైన చెత్త పన్నుని 2024లో ప్రభుత్వం ఎత్తేసింది. ఇంటి పన్ను వేరు, అది వేరు.

పన్ను మీద పోరాడిన ఊరు లేదా అని ఎవరైనా అడిగితే చీరాల-పేరాల గుర్తుకొస్తుంది. 1919లో మద్రాసు ప్రభుత్వం ఆ రెండు ఊళ్లనీ కలిపి మున్సిపాలిటీ చేసింది. పన్నుల భారం దాదాపు పది రెట్లయింది. నేత పనివాళ్లూ చిన్న రైతులూ ఉన్న ఊరు, తట్టుకోలేకపోయింది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వంలో 1921లో జనం ఇళ్లు వదిలేసి ఊరి బయట రామనగర్ అని పేరు పెట్టుకుని పాకల్లో నెలల తరబడి ఉన్నారు, ఎండనీ వాననీ ఓర్చుకుని. ఆ పోరాటమంటే నాకు చాలా గౌరవం. వాళ్లు తమకి మున్సిపాలిటీయే వద్దన్నారు. మీకు మున్సిపాలిటీ కావాలి, అది పనిచెయ్యాలి. పైగా 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం మున్సిపాలిటీలకి ఇచ్చిన గ్రాంటుకి పన్ను వసూలు పెరగాలని షరతు పెట్టింది. చిన్న పట్టణాలకి వచ్చిన ఆ గ్రాంటులో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికీ మాత్రమే ఖర్చు పెట్టాలంది. వసూలు పడిపోతే ముందు దెబ్బ తగిలేది మీ కాలువకే.

మరి ఏం చెయ్యాలంటే, మొదట ఒక ఉదయం మస్టరు పాయింటుకి వెళ్లండి. తెల్లవారుజామున ఐదూ ఆరు మధ్య కార్మికులు హాజరు వేయించుకునే చోటు ప్రతి డివిజన్‌లో ఒకటుంటుంది. మేస్త్రీని పలకరించి, మీ వీధి ఏ వారం వంతులో ఉందో అడగండి. చాలాసార్లు పని అక్కడే తేలిపోతుంది. మీ వీధికి మనిషిని తగ్గించారనో, ఒక గ్యాంగుని వేరే చోటికి మార్చారనో అసలు కారణం అక్కడ తెలిసినట్టు ఆఫీసులో తెలియదు. మర్యాదగా వెళ్లండి, వాళ్లలో ఎక్కువమంది చాలీచాలని జీతానికి పనిచేసే అవుట్‌సోర్సింగ్ మనుషులు.

దానితో కాకపోతే రాతపూర్వకంగా ఇవ్వండి. వీధి పేరు, ఏ ఇంటి నంబరు నుంచి ఏ ఇంటి నంబరు దాకా, చివరిసారి తీసిన తేదీ, తీసిన మర్నాడు నీరు నిలిచిందా లేదా, రెండు ఫోటోలు. ఇంతే రాయండి. మా వార్డుని నిర్లక్ష్యం చేస్తున్నారు అన్న వాక్యం వల్ల ఎవరూ కదలరు, ఇంటి నంబర్లు చూస్తే కదులుతారు. రసీదు తప్పకుండా తీసుకోండి. సచివాలయంలో ఇచ్చి వారం చూసి, అదే కాగితం కమిషనర్‌కి, తర్వాత సోమవారం ఫిర్యాదుల కార్యక్రమంలో ఇవ్వండి. ఆన్‌లైన్‌లో నమోదై నంబరు పడిన అర్జీకి ఎవరో ఒకరు జవాబు రాయాల్సిందే. పరిష్కరించాం అని పని చెయ్యకుండానే మూసేస్తే, ఆ రోజు తేదీతో ఫోటో పెట్టి మళ్లీ తెరిపించండి.

అప్పటికీ కదలకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి. ఎందుకు తీయలేదు అని అడక్కండి, దానికి వాళ్లు జవాబు ఇవ్వనక్కర్లేదు. గడిచిన ఆరు నెలల్లో మా వీధికి కార్మికుల్ని కేటాయించిన రిజిస్టరు నకలు, ట్రాక్టరు లాగ్ బుక్కు నకలు ఇవ్వండి అని అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి. నా అనుభవంలో ఇలాంటి దరఖాస్తు వచ్చిన వీధికి నకలు తయారయ్యేలోపే గ్యాంగు వెళ్లిపోయేది.

పాలకవర్గం గడువు తీరాక ఏమిటన్న సందేహం కూడా మీకు రావచ్చు. తెలంగాణలో 2025 జనవరిలో గడువు తీరి ప్రత్యేకాధికారులు వచ్చారు. ఆంధ్రలో 2021 మార్చిలో ఎన్నికైనవాళ్ల ఐదేళ్ల గడువు 2026 మార్చి దాకానే. గడువు తీరాక కొత్తవాళ్లు ఎన్నికయ్యేదాకా కౌన్సిల్ చేసే తీర్మానాలన్నీ ప్రత్యేకాధికారి చేతి మీదుగా జరుగుతాయి. కాలువ తీయడం లాంటి రోజువారీ పనికి ఆ మార్పుతో సంబంధం లేదు, ఆ సాకు చెప్పనివ్వకండి.

మీ కాలువకి వాలు లేదనే తేలితే, కొత్తది కట్టమనే అర్జీ డిసెంబరు లోపే పడేలా చూసుకోండి. బడ్జెట్ కసరత్తు ఆ తర్వాతే ఊపందుకుంటుంది, ఏప్రిల్‌లో ఇచ్చిన అర్జీ ఏడాది వెనక్కి పోతుంది. పూడిక తీత మాత్రం మే నెలలో, వానలకి ముందు పూర్తి కావాలి. ఎండుటాకు పరీక్ష చేసి, కాలువ పొడవు, లోతు, చివర ఎందులో కలుస్తుందో ఇక్కడ రాయండి. అర్జీలో ఏమేం అడగాలో చెప్తాను.